పన్నెండు వందల పాల కూలర్లను ఒక్క గదిలోంచి చూసుకోవాలంటే

ముందు మీ ప్రశ్న. చిత్తూరు, మదనపల్లె చుట్టుపక్కల 45 పాల కేంద్రాల్లో బల్క్ మిల్క్ కూలర్లకు (ఊళ్లో పోసిన పాలను అక్కడే చల్లబరిచే పెద్ద ట్యాంకులకు) మోడెములు బిగించి, ఆఫీసులో కూర్చుని టెంపరేచర్, కరెంటు, జనరేటర్ చూసుకుంటున్నారు. ఏడాదిన్నరగా బాగానే నడుస్తోంది. ఇప్పుడు 1,200 కేంద్రాల పని చేతికి రాబోతోంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, సర్వర్ ఎంత పెద్దది కావాలి, ఎంతమంది ఆపరేటర్లను పెట్టుకోవాలి అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి పదేళ్లు తాగునీటి పథకాల పంప్‌హౌసులు, ఆ తర్వాత పాల కూలర్లు, కోల్డ్ స్టోరేజీలు. సాఫ్ట్‌వేర్ సంగతి ఆఖరున చెబుతాను, ఎందుకంటే ఈ పని చెడిపోయిన చోట్ల సాఫ్ట్‌వేర్ వల్ల చెడింది నేను చూసింది తక్కువ.

45 కేంద్రాలున్నప్పుడు ఒకటి మాట్లాడకపోతే మీకు వెంటనే తెలుస్తుంది. ఫోన్ చేస్తారు, ఎవరో ఒకరు బండేసుకుని వెళ్లి చూసొస్తారు. 1,200 అయ్యాక ఏ నిమిషంలో చూసినా పదో ఇరవయ్యో కేంద్రాలు మౌనంగానే ఉంటాయి. ఒకచోట కరెంటు పోయి ఉంటుంది, ఒకచోట టవర్ డౌన్, ఒకచోట సిమ్ ప్లాన్ అయిపోయింది, ఒకచోట ఊడ్చేటప్పుడు ఎవరో ప్లగ్ పీకేశారు. మొత్తం పచ్చగా వెలిగే స్క్రీన్ ఇక మీకు కనబడదు. కనబడితే ముందు ఆ స్క్రీన్‌నే అనుమానించండి. అందుకే ఇంత పెద్ద నెట్‌వర్క్‌లో నేను మొదట చూసేవి రెండు. మనతో మాట తెగిపోయినా అక్కడి యంత్రం తన పని తాను చేసుకుపోవాలి. ఆ మౌనం ఏ రకం మౌనమో ఇక్కడ కూర్చున్నవాళ్లకు తెలియాలి.

మొదటిదానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ జర్మనీది. 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైన రోజే, వయాశాట్ కంపెనీ కేఏ-శాట్ ఉపగ్రహ నెట్‌వర్క్ మీద సైబర్ దాడి జరిగింది. వేల మోడెముల్లో మెమరీ చెరిగిపోయి అవి పనికిరాకుండా పోయాయి. దెబ్బ ఉక్రెయిన్‌తో ఆగలేదు. జర్మన్ కంపెనీ ఎనెర్కాన్ గాలిమరలు 5,800, మొత్తం 11 గిగావాట్ల సామర్థ్యం, రిమోట్ పర్యవేక్షణకు అందకుండా పోయాయి. మోడెములు మార్చి వాటిని మళ్లీ లైన్లోకి తేవడానికి వారాలు పట్టింది. అయినా గాలిమరలు ఆగలేదు. ఆటోమేటిక్ మోడ్‌లో తిరుగుతూ కరెంటు ఇస్తూనే ఉన్నాయి. ఏ గాలికి రెక్క ఎటు తిప్పాలి, ఎప్పుడు ఆగిపోవాలి అన్న తెలివి మరలోనే ఉంది. ఆఫీసుకు వచ్చేది కబురు మాత్రమే.

మీ కూలర్‌కీ ఇదే వర్తిస్తుంది. పిండిన పాలు 35 డిగ్రీల దగ్గర వస్తాయి, వాటిని కొన్ని గంటల్లో 4 డిగ్రీలకు దించాలి. ఆ పని చేసే థర్మోస్టాట్, పాలను కలిపే అజిటేటర్ టైమర్, కంప్రెసర్ ఓవర్‌లోడ్ రిలే, గ్యాస్ ప్రెషర్ కటౌట్లు అన్నీ ప్యానెల్లోనే ఉండాలి. "సర్వర్ 5 డిగ్రీలు దాటడం చూసి కంప్రెసర్ ఆన్ కమాండ్ పంపుతుంది" అని ఎవరైనా డెమో చూపిస్తే దండం పెట్టి పంపేయండి. సర్వర్ పంపాల్సింది "పాలు 4 డిగ్రీల దగ్గర ఉంచు" అన్న కోరిక వరకే. ఎలా ఉంచాలో ప్యానెల్లోని కంట్రోలర్ చూసుకుంటుంది.

ఆ కోరిక పంపడంలో కూడా ఎంత ప్రమాదం ఉందో నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

ఏడేళ్ల కిందట ఒక డెయిరీకి పనిచేస్తున్నాం. పాలు తక్కువ వచ్చే వేసవి రోజుల్లో 3 డిగ్రీల సెట్టింగ్ వల్ల కొన్ని ట్యాంకుల గోడలకు పాలు గడ్డకడుతున్నాయని, అన్నిచోట్లా 4 డిగ్రీలకు మార్చమని అడిగారు. మధ్యాహ్నం మూడింటికి నేనే ఆఫీసు నుంచి అన్ని కూలర్లకూ ఒకేసారి కమాండ్ పంపాను. మేం పెట్టిన కంట్రోలర్లు టెంపరేచర్‌ను పదితో గుణించి దాచుకుంటాయి, అంటే 4.0 డిగ్రీలకు 40 అని రాయాలి. 40 అని రాశాను. అయితే ఆ డెయిరీ అంతకు ముందు సంవత్సరం పదకొండు కేంద్రాలకు వేరే కంపెనీ కంట్రోలర్లు కొంది. వాటిలో గుణకారం లేదు. 40 అంటే 40 డిగ్రీలే.

సాయంత్రం పాలు వచ్చాయి. 35 డిగ్రీల పాలు 40 కంటే చల్లగానే ఉన్నాయి కదా, కంప్రెసర్ ఎత్తుకోలేదు. అలారం కూడా మోగలేదు. ఎందుకంటే హై టెంపరేచర్ అలారాన్ని మేం "సెట్టింగ్ కంటే 2 డిగ్రీలు ఎక్కువైతే" అని పెట్టుకున్నాం, అది 42కి వెళ్లి కూర్చుంది. మా స్క్రీన్ మీద ఆ రాత్రంతా పదకొండు కేంద్రాలూ పచ్చగానే ఉన్నాయి. పొద్దున ట్యాంకర్ వెళ్లి, కొంచెం పాలు కాచి చూస్తే విరిగిపోయాయి. ఒక కేంద్రంలో పాలు పోసిన ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు, వాళ్ల ముందే ట్యాంక్ వాల్వ్ విప్పి కాలవలోకి వదిలారు. డబ్బులు తర్వాత ఇచ్చారు, పాలు పోసినవాళ్లెవరూ నష్టపోలేదు. కానీ ఆ తెల్లటి ధార, దాన్ని చూస్తున్న వాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటాయి. ఎవరి ఇంటి గేదె పాలో అవి.

తప్పు ఎక్కడుందో వెతికితే ఒకచోట లేదు. అందుకే ఆ రోజు తర్వాత మేం మార్చుకున్నవన్నీ చెబుతాను. కంట్రోలర్‌లో గానీ, దాని పక్కనుండి కబురు ఆఫీసుకు చేరవేసే మోడెం పెట్టె, అంటే గేట్‌వేలో గానీ కనిష్ఠం 2, గరిష్ఠం 6 అని హద్దు పెట్టాం. ఆఫీసు నుంచి ఎవరు ఏం పంపినా ఆ హద్దు దాటితే యంత్రమే ఒప్పుకోదు. రాసిన ప్రతి విలువనూ వెంటనే తిరిగి చదివి, డిగ్రీల్లోకి మార్చి, పంపినవాడి కళ్ల ముందు చూపిస్తాం. పాల టెంపరేచర్ అలారాన్ని సెట్టింగ్‌తో ముడిపెట్టడం మానేశాం. పాలు పోయడం ముగిసిన మూడు గంటలకు కూడా 7 డిగ్రీల పైనే ఉంటే అలారమే, సెట్టింగ్ ఏదైనా సరే. అన్నిటికంటే ముఖ్యం, ఏ మార్పునైనా మొదట ఒక్క కేంద్రానికి, తర్వాత పదింటికి, ఆ తర్వాత వందకు పంపుతాం. మధ్యలో కనీసం ఒక పూట పాలు వచ్చి చల్లబడేదాకా ఆగుతాం. ఆ పదింటిలో మన దగ్గరున్న ప్రతి కంపెనీ కంట్రోలర్, ప్రతి ఫర్మ్‌వేర్ (కంట్రోలర్ లోపలి ప్రోగ్రాం) వెర్షన్ ఒక్కటైనా ఉండేలా ఎంచుతాం. దగ్గరగా ఉన్నాయనో, ఫోన్ చేస్తే ఎత్తుతారనో ఎంచితే ఆ పరీక్ష పరీక్షే కాదు.

ఈ 40 గొడవకు మూలం, కంట్రోలర్లు మాట్లాడే మోడ్‌బస్ అనే భాషలో ఉంది. అది 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ల) కోసం చేసుకున్నది. అందులో డిగ్రీ, వోల్టు అన్న మాటలే లేవు. ఉన్నవి ఉత్త 16 బిట్ల అంకెలు. పదితో గుణించారా, రుణ సంఖ్య ఎలా రాశారు, పాయింట్ ఉన్న అంకెలో ఏ సగం ముందు వస్తుంది, మాన్యువల్‌లో 40001 అని రాసిన గడి (రిజిస్టర్) లైను మీద సున్నానా ఒకటా, ఇవన్నీ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. 1,200 కేంద్రాల్లో కంట్రోలర్లు, ఎనర్జీ మీటర్లు, జనరేటర్ ప్యానెళ్లు కలిపి మీకు తక్కువలో తక్కువ పదిహేను రకాలు తగులుతాయి. రకానికొక రిజిస్టర్ పట్టిక ఒకే చోట పెట్టుకోండి. ఆ పట్టికను మార్చే హక్కు ఇద్దరికి మించి ఇవ్వకండి. టేబుల్ మీద ప్రతి రకం కంట్రోలర్ ఒక్కటైనా వైర్లతో సహా పెట్టుకోవాలి. మాకైతే ఆ టేబుల్ ఆఫీసులో అన్నిటికంటే విలువైన వస్తువు.

ఇక రెండో సంగతి, మౌనం. మొదట్లో ఒక కేంద్రం రోజుకు ఐదారుసార్లు లైన్లోంచి పోయి, రెండు మూడు నిమిషాలకు తిరిగొచ్చేది. సిగ్నల్ అనుకున్నాం. యాంటెన్నా రెండుసార్లు మార్చాం, సిమ్ మార్చాం. మూడోసారి నేనే వెళ్లాను. పాలు పట్టే అక్క నేను గోడెక్కి యాంటెన్నా విప్పడం కాసేపు చూసి, "సార్, ఏమిటికి ఆ కడ్డీ మారస్తా ఉండారు? మోటరు ఎత్తుకునేటప్పుడంతా ఆ పెట్టెలో పచ్చలైటు ఆరిపోతా ఉండాది కదా" అంది. ప్యానెల్ తెరిచి కూర్చున్నాను. కంప్రెసర్‌కు కరెంటు కలిపే కాంటాక్టర్ టక్కున పడింది, గోడ మీద బల్బు మసకబారింది, గేట్‌వే లైట్లు మూడూ ఒక్కసారి ఆరి, ఎర్రలైటుతో మళ్లీ మొదలయ్యాయి. ఊరి చివరి సర్వీసు, మోటర్ ఎత్తుకునేటప్పుడు వోల్టేజి పడిపోతోంది, గేట్‌వేకు 12 వోల్టులిచ్చే ఎస్‌ఎంపీఎస్ ఆ దెబ్బకు తట్టుకోలేక రీసెట్ అవుతోంది. అది తిరిగి లేచి టవర్‌ను పట్టుకోవడానికి రెండు నిమిషాలు. ఒక చిన్న బ్యాటరీ పెట్టగానే సమస్య పోయింది. అక్క రోజూ చూస్తున్న సంగతిని కనిపెట్టడానికి మాకు నెల పట్టింది, అదీ ఆమెను అడగనందువల్ల.

అప్పటినుంచి బతికే ఉన్నానని గేట్‌వే పంపే ప్రతి హార్ట్‌బీట్‌లో కొన్ని అంకెలు తప్పనిసరి చేశాం: ఇప్పటిదాకా ఎన్నిసార్లు రీస్టార్ట్ అయింది, ఆఖరిసారి ఎందుకు, ఇప్పుడు సప్లై వోల్టేజి ఎంత, సిగ్నల్ ఎంత, ఏ టవర్‌తో మాట్లాడుతోంది, సొంత గడియారం ఎంత చూపిస్తోంది. ఇవి ఉంటే సగం సందేహాలు కుర్చీలోంచి కదలకుండానే తీరతాయి. రీస్టార్ట్ లెక్క పెరగకుండా లైను మాత్రమే పోయిందంటే సిగ్నలో సిమ్మో. లెక్క పెరిగిందంటే కరెంటో, గేట్‌వే హ్యాంగ్ అయితే దాన్ని రీస్టార్ట్ చేసే వాచ్‌డాగ్ లేపడమో.

ఇంకొకటి, కరెంటు పోగానే "కరెంటు పోయింది" అని ఒక్క మాట చెప్పి పడుకునేంత బ్యాటరీ గేట్‌వేలో ఉండాలి. ఆ ఒక్క సందేశంతో వచ్చే తేడా చాలా పెద్దది. మీరు ఎంక్యూటీటీ (పరికరాలు సర్వర్‌కు కబుర్లు పంపే పద్ధతి) వాడితే దానిలో వీలునామా లాంటి సదుపాయం ఒకటుంది. పరికరం కనెక్ట్ అయ్యేటప్పుడే "నేను చెప్పకుండా పోతే ఈ మాట అందరికీ చెప్పు" అని బ్రోకర్ (సందేశాలను అందుకుని పంచే సర్వర్) దగ్గర ఒక సందేశం రాసిపెడుతుంది. పరికరం నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, ముందు ఒప్పుకున్న వ్యవధికి ఒకటిన్నర రెట్లు ఆగి బ్రోకర్ ఆ మాట బయటపెడుతుంది. ఎంక్యూటీటీని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ చేసింది ఇలాంటి పనికే. ఎక్కడో ఉన్న చమురు పైపులైన్లను ఖరీదైన, నమ్మకం లేని ఉపగ్రహ లైన్ల మీద చూసుకోవడానికి. మన పల్లెటూరి 4జీకి అది సరిగ్గా సరిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ప్రతి కేంద్రానికీ అది ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైను) మీద ఉంది, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంది అని మొదటి రోజే రాసుకోండి. ఈదురుగాలి వచ్చి ఒక ఫీడర్ పోతే పద్నాలుగు కేంద్రాలు ఒకేసారి మూగబోతాయి. ఆపరేటర్‌కు పద్నాలుగు అలారాలు రాకూడదు. "ఫలానా ఫీడర్ పోయింది, 14 కేంద్రాలు, అందులో 12 చోట్ల జనరేటర్ ఎత్తుకుంది, రెండుచోట్ల ఎత్తుకోలేదు" అని ఒకే ఒక్క లైను రావాలి. ఫోన్ చేయాల్సింది ఆ రెండింటికే.

అలారాల గురించి మీరు అడగలేదు కానీ, ఎంతమంది ఆపరేటర్లు కావాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. 1994 జూలై 24న బ్రిటన్‌లో మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర టెక్సాకో రిఫైనరీలో పేలుడు జరిగింది. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో అక్కడున్న ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చి పడ్డాయి. నిమిషానికి పాతిక. అందులో అసలు కారణం చెప్పే అలారం ఉన్నా దాన్ని గుర్తుపట్టే మనిషి ఉండడు. ఆ తర్వాత పరిశ్రమలో నిలబడిన ఈఈఎంయూఏ 191 అనే అలారాల మార్గదర్శకం మామూలు రోజుల్లో ఒక ఆపరేటర్‌కు పది నిమిషాలకు ఒక అలారం మించకూడదంటుంది. అంటే ఎనిమిది గంటల షిఫ్టుకు 48. మీ 45 కేంద్రాల నుంచి ఇప్పుడు రోజుకు ఎన్ని అలారాలు వస్తున్నాయో లెక్కపెట్టి, 1,200కు హెచ్చించి చూడండి. వచ్చే అంకెకు ఆపరేటర్లను పెంచుకుంటూ పోవడం దారి కాదు, అలారాలను తగ్గించాలి. నేను పెట్టుకున్న కొలత ఇది: అలారం మోగితే ఎవరో ఒకరు లేచి చేయాల్సిన పని ఒకటుండాలి. పని లేనిది నివేదికలోకి వెళ్లాలి. డోర్ తెరిచారు, జనరేటర్ డీజిల్ సగం అయింది, సిగ్నల్ కొంచెం తగ్గింది, ఇవన్నీ పొద్దున చూసుకునే నివేదికకే. పాలున్న ట్యాంక్ చల్లబడకపోతే, అర్ధరాత్రి అయినా ఫోన్ మోగాలి. ఖాళీ ట్యాంక్ వేడెక్కితే మోగకూడదు. ట్యాంక్‌లో పాలున్నాయా లేదా అన్నది తెలియకుండా టెంపరేచర్ అలారం పెట్టినవాళ్లు నెల తిరక్కుండా ఆ అలారాన్ని మోగకుండా ఆపేస్తారు, ఆపై నిజమైనది వచ్చినా చూడరు.

ఇప్పుడు మీరు ఊహించని ఒక ఉపద్రవం. మన రైతుల మోటార్లకు ఆటోస్టార్టర్లు తెలుసు కదా. కరెంటు వచ్చిన క్షణంలో ఫీడర్ మీద మోటార్లన్నీ ఒకేసారి ఎత్తుకుంటాయి. ప్రతి మోటర్ ఎత్తుకునేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఆ బరువు మోయలేక కాలిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయండని ఊరూరా ప్రచారం చేశారు. మీ 1,200 గేట్‌వేలు కూడా ఆటోస్టార్టర్ల లాంటివే. సర్వర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. లేచీ లేవగానే 1,200 పరికరాలు ఒకేసారి తలుపు కొడతాయి, ఒక్కోటీ తన ఎన్‌క్రిప్షన్ పలకరింపులతో, అరగంట నుంచి దాచిపెట్టుకున్న డేటాతో. సర్వర్ మళ్లీ పడుతుంది. పరికరాలు మళ్లీ కొడతాయి. మేం ఒకసారి ఈ చక్రంలో మూడు గంటలు ఇరుక్కున్నాం. దీనికి మందు గేట్‌వేలోనే ఉంది. లైను పోతే వెంటనే కొట్టకుండా సున్నా నుంచి ఐదు నిమిషాల మధ్య ఏదో ఒక లాటరీ సమయం ఆగాలి, దొరక్కపోతే తర్వాతిసారి ఇంకా ఎక్కువ ఆగాలి. ముందు తాజా పరిస్థితి చెప్పాలి, దాచుకున్న పాత డేటాను నెమ్మదిగా పంపాలి. ఇది కొనేటప్పుడే ఒప్పందంలో రాయించండి, బిగించాక మార్చడం చాలా కష్టం. కంప్రెసర్‌కు కూడా కరెంటు తిరిగొచ్చాక కొన్ని నిమిషాలు ఆగే టైమర్ ఉండాలి, గ్యాస్ ప్రెషర్ సమం కావడానికి ఎలాగూ ఆ వ్యవధి కావాలి.

డేటా ఎంతన్నది మీరు చాలా పెద్దగా ఊహించుకున్నారు. కేంద్రానికి 40 విలువలు, ప్రతి పది సెకన్లకు పంపితే 1,200 కేంద్రాల నుంచి సెకనుకు 4,800, రోజుకు 41 కోట్ల పైచిలుకు. ఇందులో దాదాపు అంతా ఒకే అంకె మళ్లీ మళ్లీ రావడమే. పాల టెంపరేచర్ 0.2 డిగ్రీ మారితే పంపు, మారకపోతే ఐదు నిమిషాలకోసారి బతికే ఉన్నానని చెప్పు, అంటే చాలు. ఒక్క షరతు, విలువకు టైమ్ వేసేది గేట్‌వేనే కావాలి, సర్వర్‌కు చేరిన టైమ్ కాదు. లైను లేని రెండు గంటల్లో జరిగింది తర్వాత వచ్చి చేరినప్పుడు ఏది ఎప్పుడో తెలియాలి కదా. గడియారం గురించి ఒక హెచ్చరిక. గేట్‌వేలో చిన్న బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయొచ్చినప్పుడల్లా అది 1970 జనవరి 1లో లేస్తుంది. ఆ తేదీకి మీ సెక్యూరిటీ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి కనెక్షన్ ఒప్పుకోదు. బయటికి అది నెట్‌వర్క్ సమస్యలా కనిపిస్తుంది. కనెక్ట్ అయ్యేముందే టైమ్ సరిచేసుకునే గేట్‌వే తీసుకోండి.

సిమ్‌ల సంగతి త్వరగా చెబుతాను. మామూలు ఫోన్ సిమ్‌లు వద్దు. మన దేశంలో 2018 జూలై 1 నుంచి ఎం2ఎం (యంత్రాల కోసం ఇచ్చే) సిమ్‌లకు 13 అంకెల నంబర్లు ఇస్తున్నారు, అవే తీసుకోండి, ప్రైవేట్ ఏపీఎన్‌తో, అంటే బయటి ఇంటర్నెట్‌తో కలవని మీ సొంత దారితో. రెండు సిమ్ స్లాట్లున్న గేట్‌వే కొనండి, రెండూ వేర్వేరు కంపెనీలవి. చౌకగా వస్తోందని 2జీ, 3జీ మోడెముల జోలికి పోకండి. జియోకు 2జీ ఎప్పుడూ లేదు, ఎయిర్‌టెల్ 3జీని ఎప్పుడో ఆపేసింది. మీ పరికరం పదేళ్లు ఉండాలి.

భద్రత దగ్గర మాత్రం నిదానంగా చదవండి. 2023 నవంబర్‌లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం అలిక్విప్పా అనే చిన్న ఊరి నీటి సంస్థలో ఒక పంపింగ్ స్టేషన్ కంట్రోలర్‌ను దుండగులు పట్టుకున్నారు. ఆ రకం యూనిట్రానిక్స్ కంట్రోలర్లు నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నాయి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ 1111. ఇందులో గొప్ప హ్యాకింగ్ ఏమీ లేదు. మన ఇన్‌స్టలేషన్ కుర్రాళ్లు సాయంత్రం ఆరింటికి, ఇంకో రెండు కేంద్రాలు మిగిలున్న టెన్షన్‌లో చేసే పని అదే: పాస్‌వర్డ్ మార్చకుండా, పని అయిందనిపించి బండెక్కడం. కాబట్టి పాస్‌వర్డ్ మార్చడాన్ని మనిషికి వదలకండి. ప్రతి గేట్‌వే ఆఫీసులోనే, దాని సొంత తాళంతో తయారై వెళ్లాలి. అక్కడ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం, వైర్లు బిగించడం మాత్రమే ఉండాలి. ఏ కేంద్రానికీ పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో ఎవరైనా చేరగల చిరునామా) ఉండకూడదు. ఎప్పుడూ పరికరమే బయటికి వచ్చి మనల్ని పలకరించాలి, బయటివాళ్లెవరూ దాని తలుపు కొట్టే వీలు ఉండకూడదు. జనరేటర్ కంపెనీవాళ్లకు, కంప్రెసర్ కంపెనీవాళ్లకు రిమోట్ యాక్సెస్ అడిగినప్పుడు రెండు గంటల పాటు మాత్రమే ఇవ్వండి, దానంతటదే మూసుకుపోయేలా.

ఇంత చేసినా ఒకరోజు ఎవడో లోపలికి రావచ్చు. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ కంపెనీల్లోకి వచ్చారు. ఆపరేటర్లు చూస్తుండగానే మౌస్ పాయింటర్ దానంతటదే కదిలి, కరెంటు కలిపి ఉంచే బ్రేకర్లను తెరిచేసింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. దాడి చేసినవాళ్లు సబ్‌స్టేషన్లలోని కమ్యూనికేషన్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌ను కూడా పాడుచేశారు, తిరిగి రిమోట్‌గా వేసే దారి లేకుండా. అయినా కొన్ని గంటల్లో కరెంటు వచ్చింది. ఎలాగంటే సిబ్బంది బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేశారు. చేత్తో వేసే వీలుంది, వేయడం తెలిసిన మనుషులున్నారు. అందుకే ప్రతి ప్యానెల్ మీద లోకల్, ఆఫ్, రిమోట్ అని ఒక సెలెక్టర్ స్విచ్ ఉండాలి. అది నిజంగా వైర్లను విడదీసే స్విచ్ కావాలి, సాఫ్ట్‌వేర్‌కు ఒక సిగ్నల్ ఇచ్చే స్విచ్ సరిపోదు. దాన్ని లోకల్‌లో పెట్టి కూలర్ నడపడం పాల కేంద్రం అక్కకు నేర్పండి. మూడు నెలలకోసారి ఆమెతోనే చేయించండి.

చట్టం వైపు నుంచి కూడా ఒక బాధ్యత ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలుపుకోవాలి.

పేర్ల దగ్గర చాలామంది జారిపోతారు కాబట్టి అదీ చెప్పాలి. 1,200 కేంద్రాల్లో మీకు కొత్తపల్లిలు ఎన్నో, రామాపురాలు ఎన్నో వస్తాయి. టెక్నీషియన్‌ను కొత్తపల్లికి పంపితే వేరే మండలం కొత్తపల్లికి వెళ్లి కూర్చుంటాడు, ఇది మా దగ్గర జరిగింది. అలాగని కోడ్‌లో జిల్లా పేరు ఇరికించకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, తెలంగాణలో 2016 దసరాకు పది జిల్లాలు 31 అయ్యాయి. జిల్లాను కోడ్‌లో పెట్టుకున్నవాళ్ల లేబుళ్లు, రిపోర్టులు అన్నీ ఒక్క రాత్రిలో తప్పయిపోయాయి. అర్థం లేని ఒక వరుస నంబర్ ఇవ్వండి, ప్యానెల్ తలుపు మీద పెద్దగా రాయించండి. ఊరు, మండలం, జిల్లా, ఫీడర్, లొకేషన్ అన్నీ ఆ నంబర్ పక్కన ఉండే వివరాలు, రేపు మారినా ఫర్వాలేదు. గేట్‌వే మార్చినప్పుడు కేంద్రం నంబర్ మారకూడదు. పాత చరిత్ర కేంద్రానిది, గేట్‌వేది కాదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. మీ స్థాయికి మస్కీటో లేదా ఈఎంక్యూఎక్స్ లాంటి బ్రోకర్, విలువలను టైమ్‌తో సహా దాచే ఒక టైమ్ సిరీస్ డేటాబేస్, గ్రఫానా లాంటి స్క్రీన్ సరిపోతాయి. మనుషులు లేకపోతే డబ్బిచ్చి కొనుక్కోండి, అందులో తప్పు లేదు. కొనేముందు రెండు ప్రశ్నలు చాలు. మానేయాలనుకున్న రోజున డేటా మొత్తం, పరికరాల తాళాలతో సహా మా చేతికి ఇస్తారా? పరికరానికి నెలకు ఇంతని తీసుకునే రుసుమును 1,200తో, 120 నెలలతో గుణిస్తే ఎంత? రెండో అంకె చూశాక మీ ఆలోచన మారవచ్చు.

ఆపరేటర్లు, మూడు షిఫ్టులకూ ఇద్దరేసి చాలు, పైన చెప్పినట్టు అలారాలు తగ్గిస్తే. డబ్బు పెట్టాల్సింది బండి మీద తిరిగే టెక్నీషియన్ల మీద. ఒక్కొక్కరి సంచిలో ముందే సిద్ధం చేసిన గేట్‌వే ఒకటి, రెండు కంపెనీల సిమ్‌లు, 12 వోల్ట్ సప్లై, ఫ్యూజులు, కంట్రోలర్లను గేట్‌వేకు కలిపే ఆర్‌ఎస్-485 లైన్ చివర పెట్టే 120 ఓమ్ రెసిస్టర్లు, మంచి మల్టీమీటర్ ఉండాలి. ప్యానెల్ కింద కేబుల్ రంధ్రాలు మూసే గ్లాండ్లు కూడా. కాంటాక్టర్ మధ్య బల్లి దూరి ట్రిప్ అయిన కేసులు మా దగ్గర సర్వర్ సమస్యల కంటే ఎక్కువ.

కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఆ 1,200లో ఏ కంట్రోలర్లు, ఏ మీటర్లు ఉన్నాయో ఊరూరా ఫోటోలు తీయించి తెప్పించుకోండి. ప్యానెల్ తలుపు తెరిచి ఒకటి, కంట్రోలర్ వెనక లేబుల్ ఒకటి. రకాల జాబితా వచ్చాక మాన్యువళ్లు నాకు పంపండి. ఏది పదితో గుణిస్తుందో, ఏది గుణించదో ఇద్దరం కూర్చుని పట్టిక రాద్దాం.